పచ్చ దూలాలు విచ్చుకున్న ఏడాది

రహిమున్నీసాను మార్టూరులో ఎవరూ పూర్తి పేరుతో పిలవరు. ఇంట్లో రహిమ, వీధిలో పరుపుల సిలార్ భార్య, పనిచేసే చోట జిగురక్క. నలభై ఆరేళ్ల మనిషి. పన్నెండేళ్లు చిలకలూరిపేట వైపు కోల్డు స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసింది. ఆ ఘాటుకు కళ్లు పాడవుతున్నాయని భర్త పోరుపెడితే, అయిదేళ్ల కిందట హైవే పక్కన కొత్తగా తెరిచిన చెక్క దూలాల షెడ్డులో చేరింది.

ఆ షెడ్డు లక్ష్మీకాంత్‌ది. ప్రకాశం జిల్లా మెట్టల్లో పెరిగే జామాయిల్ కర్రను అక్కడ పలకలుగా కోస్తారు. చెదలు పట్టకుండా ఒక పెద్ద ఇనప ట్యాంకులో పెట్టి మందు పట్టిస్తారు. ఆరిన పలకలను ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికించి, పొడవాటి దూలాలు చేస్తారు. మందులో ఉండే రాగి ఉప్పు వల్ల చెక్క లేత పచ్చరంగుకు తిరుగుతుంది కాబట్టి ఊళ్లో వాటికి పచ్చ దూలాలని పేరు పడింది. మధ్యలో స్తంభం లేకుండా ఎంత వెడల్పు షెడ్డయినా వాటితో కప్పు వేయొచ్చు. మిరపకాయలు ఆరబెట్టుకునే రైతులకు అది నచ్చింది.

జిగురు కలపడం రహిమున్నీసా పని. ముదురు ఎరుపు ద్రవంలో పొడి కలపాలి. పొడి తక్కువైతే గట్టిపడదు, ఎక్కువైతే పలకల మీద రాయకముందే గిన్నెలో బిగుసుకుపోతుంది. మే నెల ఎండల్లో ఒకేసారి పెద్ద బక్కెటు కలిపితే సగం పారేయాల్సిందే. అందుకని ఎండాకాలం ఆమె చిన్న చిన్న గిన్నెల్లో కలిపేది. కాటా మీద తూచాక కూడా, కర్రతో ఎత్తి ధార ఎలా జారుతుందో చూసుకునేది. ఆమె రాసిచ్చిన పలకలను తోమా పేర్చి, ఇనప క్లాంపుల మధ్య పెట్టి పొడవాటి పానాతో బిగించేవాడు. ఒకసారి బిగించి, అరగంట ఆగి, చెక్క కాస్త అణిగాక రెండోసారి బిగించాలి. తోమా ఆమె కంటే పదేళ్లు పెద్ద. "అన్నా" అని పిలిచేది. మూడేళ్లకు పైగా ఇద్దరూ ఒకే బల్లకు అటూ ఇటూ నిలబడి పనిచేశారు.

మందు ట్యాంకు, ఆరబెట్టే గది ఎలీషా చూసుకునేవాడు. ముప్పై దాటని కుర్రవాడే కానీ చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు. పలకలకు చిత్రిక పట్టి నున్నగా చేసే మెషిన్ మొదట్లో రహిమున్నీసా బల్ల పక్కనే ఉండేది. దాంట్లోంచి లేచే పచ్చటి పొడికి ఆమెకు దగ్గు పట్టుకుంది. ఒకటి రెండుసార్లు ముక్కులోంచి రక్తం కూడా కారింది. ఎలీషా ఆ మెషిన్‌ను గోడ అవతలికి, ట్యాంకు ఉన్న వైపుకు మార్పించాడు. ఆమె చల్లగా ఉండమని దీవించి, ఆ సంగతి మరిచిపోయింది.

మెషిన్ మార్చిన మరుసటి ఏడాది అక్టోబరులో వానలు పడ్డాయి. ప్రత్తిపాడు వైపు ఒక ఊళ్లో రైతులు కట్టుకున్న మిరప షెడ్డు నుంచి లక్ష్మీకాంత్ ఫోనుకు ఫొటోలు వచ్చాయి. కప్పు మోస్తున్న మూడు దూలాల్లో అతుకులు విచ్చుకున్నాయి. ఒకదాంట్లో వేలు దూరేంత సందు. అదృష్టం బాగుండి ఎవరి మీదా పడలేదు. రైతులు వెదురు గడలు పోటు పెట్టి, కాయ బస్తాలు బయటికి మోసుకున్నారు.

లక్ష్మీకాంత్ ఆ ఊరు వెళ్లి వచ్చి, నేరుగా జిగురు బల్ల దగ్గరికొచ్చాడు.

"రహిమమ్మా, పోయిన ఫిబ్రవరి, మార్చిలో గమ్ ఎవరు కలిపారు?"

"నేనేనండి. ఇంకెవరు కలుపుతారు?"

"తూచే కలిపావా?"

"తూచకుండా ఏ రోజూ కలపలేదండి."

ఆయన కాటా వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు. ఆ చూపే ఆమెకు గుచ్చుకుంది. మరుసటి వారం జిగురు గదికి కొత్త తాళం పడింది. తాళంచెవి ఆఫీసు సొరుగులోకి వెళ్లింది. ఆమె బల్లకు సరిగ్గా పైన ఒక కెమెరా బిగించారు. జిగురులో నీళ్లు కలిపి, మిగిల్చిన ద్రవాన్ని మంచాలు చేసేవాళ్లకు అమ్ముకుందని మాట పుట్టింది. ఎక్కడ పుట్టిందో తెలీదు. ఊడ్చే ఆడవాళ్లు ఆమె వస్తే మాట ఆపేసేవాళ్లు. టీ తాగేటప్పుడు తన పక్క బెంచీ ఖాళీగా ఉండడం ఆమె గమనించింది. మొదటిరోజు అనుకోకుండా జరిగిందనుకుంది. నాలుగో రోజు కూడా ఖాళీగానే ఉంది.

ఇంటికెళ్తే అన్నం సయించేది కాదు.

"నీళ్లు కలిపితే పొద్దున్నకే తెలిసిపోదా? ఏడు నెలలు ఆగుతుందా?" అని భర్తను అడిగేది.

సిలార్ పరుపు అంచు కుడుతూ, "నన్నెందుకడుగుతావ్? ఆయన్నడుగు," అనేవాడు.

"ఆయన అడగనిస్తేగా! మొహం చూస్తేనే పక్కకు తిప్పుకుంటున్నాడు."

తనది తప్పు కాదని ఆమెకు తెలుసు. మరి తప్పు ఎవరిది? జిగురు తర్వాత పని బిగించడం. బిగించేది తోమా. ఆ ఆలోచన వచ్చిన రోజు నుంచి ఆమె తోమాను తోటి పనివాడిలా కాక దొంగను చూసినట్టు చూడడం మొదలుపెట్టింది. పానా మీద అతని చెయ్యి ఎంతసేపు ఉంటోందో లెక్కపెట్టేది. అతను నవ్వితే ఎందుకు నవ్వాడా అనుకునేది, నవ్వకపోతే ఏం దాస్తున్నాడా అనుకునేది. ఒక మధ్యాహ్నం అతను తన డబ్బాలోంచి గోంగూర పచ్చడి ఆమె కంచంలో వేయబోతే, కంచం పక్కకు లాక్కుంది.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అన్నాడు తోమా.

"బాగానే ఉంది," అంది.

శనివారాలు తోమా గంట ముందే వెళ్లేవాడు. ఆదివారం ఆరాధనకు చర్చి హాలు ఊడ్చి, చాపలు పరిచే బాధ్యత అతనిది. ఆ సంగతి అందరికీ తెలుసు, లక్ష్మీకాంత్ ఒప్పుకున్నదే. కానీ రహిమున్నీసాకు ఇప్పుడు అదే కంట్లో నలుసయింది. శనివారం ఆమె వెనకవైపు కుళాయి దగ్గర జిగురు గిన్నెలు కడుగుతుంటే, తోమా సైకిల్ గేటు దాటడం కనిపించేది. అరగంట ఎప్పుడు ఆగాడు? రెండోసారి ఎప్పుడు బిగించాడు? విచ్చుకున్న దూలాల మీద వేసిన తేదీలు ఆఫీసు బోర్డు మీద రాసి ఉంటే వెళ్లి చూసింది. మూడింట్లో రెండు శనివారాలు.

ఆమె ఇంకాగలేదు. ఆఫీసు గదిలోకి వెళ్లి నిలబడింది.

"సార్, ఒక మాట. శనివారాలు తోమా అన్న రెండో బిగింపు వేయకుండానే వెళ్తున్నాడండి."

లక్ష్మీకాంత్ కాగితాల మీంచి తలెత్తాడు. "నువ్వు చూశావా?"

"గేటు దాటడం నా కళ్లతో చూశానండి."

అది అబద్ధం కాదు. ఆయన అడిగిన దానికి జవాబు మాత్రం కాదు. ఆయనకు తేడా తెలియలేదు, తెలుసుకునే ఓపిక కూడా ఆ రోజు లేదు. సాయంత్రం తోమాను పిలిచి, కొన్నాళ్లు రావద్దన్నాడు. తోమా వాదించలేదు. "నేను బిగించానండి. ప్రతిసారీ బిగించాను," అని రెండుసార్లు అన్నాడు. పానా గుడ్డతో తుడిచి గోడకు తగిలించి, టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. వెళ్తూ రహిమున్నీసా వైపు చూశాడు. ఎవరు చెప్పారో అతనికి తెలిసిపోయిందని ఆమెకు అర్థమైంది.

ఆ రాత్రి ఆమెకు నిద్ర బాగానే పట్టింది. తర్వాత చాలా రోజులకు, ఆ నిద్రే తలుచుకుని సిగ్గుపడింది.

తోమా స్థానంలో పిడుగురాళ్ల నుంచి మాలిక్ అనే అతను వచ్చాడు. రైతులకు మార్చి ఇవ్వాల్సిన దూలాలు జనవరిలో మొదలుపెట్టారు. ఈసారి లక్ష్మీకాంత్ దగ్గరుండి రెండుసార్లూ బిగించేది చూశాడు. జిగురు తన ఎదురుగానే తూయించాడు. ప్రతి దూలం చివర ఒక ముక్క కోసి, నీళ్ల డ్రమ్ములో నానబెట్టి, మళ్లీ ఎండబెట్టి చూద్దామన్నాడు.

పది రోజుల తర్వాత ముక్కలు బయటికి తీశారు. ఎనిమిదింట్లో అయిదు విచ్చుకున్నాయి.

లక్ష్మీకాంత్ ఒక ముక్కను నేలకేసి కొట్టి లోపలికి వెళ్లిపోయాడు. రహిమున్నీసా అక్కడే నిలబడిపోయింది. జిగురు సరిగ్గా ఉంది. బిగింపు సరిగ్గా ఉంది. మరి తోమాను ఎందుకు పంపేశారు? ఎవరు పంపించారు? నేలకు కొట్టిన ముక్క రెండుగా విడిపోయి ఉంది. ఎవరూ చూడకుండా రెండు భాగాలూ అన్నం సంచిలో వేసుకుంది.

మర్నాడు ఆదివారం. పొద్దున ఎండలో వాకిట్లో కూర్చుని ఆ రెండు భాగాలూ ముందు పెట్టుకుంది. ఒకదాని మీద జిగురు పొర ఎర్రగా, గాజులా గట్టిగా ఉంది. గోరుతో గీకినా రాలేదు. అంటే తన కలపడంలో లోపం లేదు. రెండో భాగం మీద జిగురే లేదు. అతుకు గట్టిగా పట్టినప్పుడు విరిస్తే చెక్క నార లేచి వస్తుంది. ఇక్కడ నార ఒక్కటి కూడా లేవలేదు. చెక్క నున్నగా ఉంది. వేలు పెట్టి రుద్దింది. వేలికి సన్నటి పచ్చ పొడి అంటింది. జిగురు పొరను వెలుతురుకు వాల్చి చూస్తే దాని మీద కూడా అదే పొడి.

సిలార్ వచ్చి పక్కన కూర్చుని, తనూ వేలు రాశాడు. "దుమ్ము," అన్నాడు.

ఆ ఒక్క మాటకు ఆమెకు కోల్డు స్టోరేజీ రోజులు గుర్తొచ్చాయి. కారం దుమ్ము పట్టిన బస్తా మీద చీటీ అంటిస్తే మధ్యాహ్నానికి ఊడి పడేది. చీటీ వెనక బంక అలాగే ఉండేది, దాని నిండా దుమ్ము ఉండేది. తడిగుడ్డతో తుడిచి అంటిస్తేనే నిలిచేది. జిగురు చెక్కను పట్టుకోలేదు. చెక్క మీద పేరుకున్న మందు పొడిని పట్టుకుంది.

ఆ పొడి ఎక్కడిది? ఎలీషా ట్యాంకులోది.

సోమవారం నుంచి ఆమె చూపు గోడ అవతలికి మళ్లింది. కానీ ఈసారి ఎవరి దగ్గరికీ పరుగెత్తలేదు. తోమా విషయంలో చేసింది ఆమె మరిచిపోలేదు. గోడ అవతలికి వెళ్లడానికి ఏదో ఒక వంక పెట్టుకుని, చూసి వచ్చేది. పలకలు కోత నుంచి నేరుగా చిత్రిక మెషిన్‌లోకి వెళ్తున్నాయి. అక్కణ్ణుంచి మందు ట్యాంకులోకి. ట్యాంకు నుంచి ఆరబెట్టే గదిలోకి. ఆ గది నుంచి తన బల్ల మీదికి. మెషిన్ తన పక్కనున్న రోజుల్లో అలా కాదు. మందు పట్టి ఆరిపోయిన పలకలు వచ్చేవి, అప్పుడు చిత్రిక పట్టేవాళ్లు, వెంటనే ఆమె జిగురు రాసేది. అందుకే అప్పుడు పొట్టు పచ్చగా ఉండేది. ఇప్పుడు పొట్టు తెల్లగా ఉంది. ఇన్నాళ్లూ ఆ రంగు తేడా చూసి, దాని గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు తన బల్ల మీదున్న పచ్చ పలక మీద వేలితో ఒక నీటిబొట్టు వేసింది. బొట్టు ముత్యంలా అలాగే నిలబడింది. ఉలితో పక్కనే కాస్త పైపొర గీకి, అక్కడ ఇంకో బొట్టు వేసింది. అది పరుచుకుని చెక్కలోకి ఇంకిపోయింది. మూడు పలకల మీద అలాగే చేసి చూసింది. మూడూ అంతే.

ఎలీషా ఆరబెట్టే గది తలుపు దగ్గర ఒక్కడే ఉన్నాడు. ఆమె వెళ్లి ఎదురుగా నిలబడింది.

"మందు పట్టాక చిత్రిక ఎందుకు మానేశావయ్యా?"

అతను ముఖం దించుకున్నాడు. ఆ దించుకోవడంలోనే ఆమెకు సగం తెలిసిపోయింది.

"సార్ మాన్పించారా?"

"లేదక్కా."

"మరి?"

"నీ కోసమే," అన్నాడు ఎలీషా. "ముక్కులోంచి రక్తం కారిన రోజు నువ్వే అన్నావు గుర్తుందా, ఈ పచ్చ పొట్టు బాధ తప్పించు నాయనా అని. ఆ పొట్టు కాల్చకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు, ఊడ్చేవాళ్లందరికీ దగ్గులే. ముందే చిత్రిక పట్టి తర్వాత మందు పెడితే పొట్టులో మందే ఉండదుగా అనుకున్నా. మెషిన్ అవతలికి జరిపా. సార్‌కి జరపడం ఒక్కటే చెప్పా."

"అతుకు నిలవదని తెలీదా?"

"ముందు నిజంగా తెలీదక్కా. ఫొటోలు వచ్చాక అనుమానం వచ్చింది. అప్పటికే అందరూ నీ మీద అనుకుంటున్నారు. ఆ తర్వాత తోమా బాబాయి మీద. చెబుదామనుకున్న ప్రతిరోజూ ఇంకా ఆలస్యమైపోయింది."

రహిమున్నీసాకు కోపం రావాల్సింది. రాలేదు. తన మీద మాట పుట్టినప్పుడు ఇతను నోరు విప్పలేదు, నిజమే. కానీ తోమా మీద మాట పుట్టించింది తను. ఇతను పొరపాటు చేసింది తన దగ్గు చూడలేక. ఎవరిని అనాలో తెలియక, వెనక్కి వెళ్లి తన బల్ల మీది పచ్చ పలక ఒకటి చంకన పెట్టుకుని వచ్చింది.

"పద, ఆఫీసుకి," అంది చివరికి.

"నా ఉద్యోగం పోతుందక్కా."

"పోతే పోనీ అనను. కానీ నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తా."

ఇద్దరూ వెళ్లారు. ఎలీషా చెప్పేదాకా ఆమె ఆగింది. తర్వాత పలకను ఆయన బల్ల మీద పెట్టి, రెండు నీటిబొట్లు వేసి చూపించింది. లక్ష్మీకాంత్ వంగి చాలాసేపు చూశాడు. అప్పుడు ఆమె అంది:

"ఇంకో మాటండి. తోమా అన్న రెండోసారి బిగించకపోవడం నేను చూడలేదు. వెళ్లడమే చూశాను. మీరు అడిగిన రోజు అది చెప్పకుండా మింగేశాను."

లక్ష్మీకాంత్ ఇద్దరి మీదా అరిచాడు. షెడ్డంతా వినపడేలా అరిచాడు. అరిచి అరిచి, నీళ్లు తాగి, తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. "మెషిన్ జరిపానంటే ఎందుకని నేనడగలేదు," అన్నాడు తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. ఎలీషాను తీసేయలేదు. మెషిన్ వారంలో మళ్లీ ఇవతలికి వచ్చింది. పొట్టును పీల్చి మూసిన డబ్బాలో పడేసే గొట్టం బిగించారు, అందరికీ ముక్కు మాస్కులు ఇచ్చారు. మందు పట్టి ఆరిన పలకను చిత్రిక పట్టిన రోజే అతికించాలని, మర్నాటికి ఉంచకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించారు. ఫిబ్రవరిలో నానబెట్టిన ముక్కల్లో ఒక్కటీ విచ్చుకోలేదు.

తోమాకు లక్ష్మీకాంత్ స్వయంగా ఫోన్ చేశాడు. అప్పటికి తోమా వేటపాలెంలో ఒక జీడిపప్పు యూనిట్‌లో చెక్క ట్రేలు, బల్లలు బాగుచేసే పనిలో కుదిరాడు. రానన్నాడు. మర్యాదగానే అన్నాడు.

రహిమున్నీసా బస్సెక్కి వేటపాలెం వెళ్లింది. సిలార్ తోడు వస్తానంటే వద్దంది. యూనిట్ వెనక వీధిలో ఇల్లు కనుక్కుంది. తోమా భార్య రెబ్కా వాకిలి ఊడుస్తోంది. ఆమెను చూసి చీపురు ఆపింది కానీ లోపలికి రమ్మనలేదు. "ఏవయ్యో, నీ కోసం వచ్చారు," అని లోపలికి కేకేసి, మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది.

తోమా తలుపు దగ్గర నిలబడి విన్నాడు. ఆమె ఏదీ దాచకుండా చెప్పింది. చెప్పి, "తప్పు చేశానన్నా," అంది.

"శనివారాలు నేను అన్నం తినకుండా ముందు పని మొదలుపెట్టేవాణ్ణి. రెండోసారి బిగించాకే సైకిల్ తీసేవాణ్ణి," అన్నాడు తోమా. "నువ్వు గిన్నెలు కడుక్కుంటూ ఉండేదానివి. నీకు కనబడదు."

"తెలిసిందన్నా."

"ఇప్పుడు తెలిసింది. మూడేళ్లు ఒకే బల్ల దగ్గర నిలబడ్డాం. ఒక్కసారి నన్నే అడగొచ్చుగా? ఏంటన్నా, బిగించావా అని. నేను చెప్పేవాణ్ణిగా."

ఎందుకు అడగలేదో దారి పొడవునా ఆలోచించుకుంటూనే వచ్చింది. అడిగితే అతను బిగించానంటాడు. అప్పుడు అనుమానం మళ్లీ తన దగ్గరికే వస్తుంది. అందుకని అడగలేదు. ఆ మాట అక్కడ అనడానికి నోరు రాలేదు.

"మళ్లీ రావా అన్నా?"

"ఇక్కడ బాగుందమ్మా. నా వెనక ఎవరు చూస్తున్నారో అనుకోకుండా పని చేసుకుంటున్నా."

మంచినీళ్లు ఇప్పించాడు. తాగి వచ్చేసింది. చీరాల బస్టాండులో బస్సు కోసం చాలాసేపు కూర్చుంది. మార్టూరు బస్సు ఒకటి వచ్చి వెళ్లిపోయింది, రెండోది వచ్చాకే లేచింది.

మార్చిలో ప్రత్తిపాడు వైపు షెడ్డుకు కొత్త దూలాలు ఎక్కించారు. లక్ష్మీకాంత్ ఆమెను వెంటబెట్టుకుని వెళ్లి, రైతుల ముందు, "తప్పు పట్టుకుంది ఈవిడే," అన్నాడు. వాళ్లు కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చారు. ఆమెకు ఆ మాట సంతోషంగా లేదు. తప్పు పట్టుకోవడానికి ముందు ఏం చేసిందో ఆ రైతులకు తెలియదు. చెప్పే సందర్భమూ కాదు. వానాకాలంలో మళ్లీ వెళ్లి చూసింది. దూలాలు బిగువుగా ఉన్నాయి.

ఇప్పుడు పలకలు పరీక్షించే పని కూడా ఆమెదే. ఏదైనా తేడా కనబడితే ముందుగా ఆ పని చేసిన మనిషి దగ్గరికే వెళ్తుంది. మాలిక్‌కు మొదట్లో చిరాకేసేది. "ఏందక్కా, పోలీసులా అడుగుతావ్?" అనేవాడు. "అడగనివ్వు. అడగకపోతే ఇంకా చెడ్డదాన్ని," అనేది.

ఈ ఏడు ఏప్రిల్‌లో, ఎండలు ముదిరాక, ఒక సాయంత్రం ఆమె ఫోన్ మోగింది. తోమా. వేటపాలెంలో చర్చికి కిటికీ చట్రాలు చేస్తున్నాడట. మందు పట్టిన చెక్కే తెచ్చాడట.

"ఈ ఎండకు పౌడరు ఎంత వేయాలమ్మా? గిన్నెలోనే బిగుసుకుపోతోంది."

"పౌడరు తగ్గించొద్దన్నా. కలిపేదే కొంచెం కొంచెం కలుపు. గిన్నెను చల్లటి నీళ్ల పళ్లెంలో పెట్టు. చెక్కకు చిత్రిక ఎప్పుడు పట్టావు?"

"పొద్దున్నే పట్టా."

"అయితే ఇవాళే అతికించెయ్."

"సరే," అన్నాడు తోమా. ఇంకేదైనా అంటాడేమోనని ఆమె ఫోన్ చెవికి ఆనించుకునే ఉంది. అతను పెట్టేశాడు.